తిరుగు టపా లేని రోజుల్లో

పడమటి మాంబళం,
చెన్నై.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. దానికంటే ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నకు జవాబు చెప్పాలి. కథ ఇంకా పూర్తి కాలేదు గానీ పాఠకులు ఎదురుచూస్తున్నారు, వారానికొక భాగం చొప్పున ఆన్‌లైన్‌లో పెట్టేయవచ్చునా అని అడిగావు. పెట్టవద్దనే చెబుతాను.

నువ్వు రోజూ ఉద్యోగానికి వెళ్ళే తంబుచెట్టి వీధిలోనే ఒకప్పుడు ఆంధ్రపత్రిక కార్యాలయం ఉండేది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో ఈ ఊరికి వచ్చి దినపత్రిక అయింది. 1924లో అక్కడి నుంచే భారతి మాసపత్రిక వెలువడింది. మా తరం రాయడం మొదలుపెట్టేనాటికి పత్రికలు చాలావరకు ఈ ఊరు విడిచి వెళ్ళిపోయాయి గానీ, కథ పంపే పద్ధతి మాత్రం మారలేదు. కాగితానికి ఒకవైపే రాసి, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపితే, రెండు నెలలకు ఆ కవరే మన గుమ్మంలో పడేది. ఎంత కోపం వచ్చినా, విప్పి చదువుకుంటే అసలు కథ మూడో పేజీలో మొదలైందని నాకే తెలిసిపోయేది. నీకు ఆ రెండు నెలలు ఎవరూ ఇవ్వరు. ఫోనులో మీట నొక్కితే చాలు, కథ లోకంలో పడుతుంది.

కొన్నేళ్ళ క్రితం నేనూ నీలాగే ఒక ధారావాహికను రాస్తూ రాస్తూనే పెట్టేశాను. మూడో భాగంలో నాయిక మాంబళంలో తాంబరం బండి ఎక్కుతుంది. ఇల్లు విడిచి వెళ్ళిన తండ్రి కోడంబాకం ప్లాట్‌ఫారం మీద కిటికీలోంచి కనిపిస్తాడు. అరగంట తిరక్కుండా ఒక పాఠకుడు రాశాడు: "అయ్యా, మాంబళం దాటాక తాంబరం వైపు వచ్చేది సైదాపేట." ఆ స్టేషను పక్క వీధిలోనే ఏళ్ళ తరబడి కాపురముంటున్న నేను రాసిన తప్పు అది! పోనీ స్టేషను పేరు మారుద్దామంటే, తండ్రి కోడంబాకం స్టూడియోల దగ్గర పని చేస్తున్నాడని రెండో భాగంలోనే చెప్పేశాను. బండిని కోడంబాకం మీదుగా బీచ్ స్టేషను వైపు తిప్పుదామంటే, ఆమె అత్తగారిల్లు తాంబరంలో ఉంది. చివరికి ఆమె పరధ్యానంలో ఎదురు బండి ఎక్కిందని నాలుగో భాగంలో అతుకు వేశాను. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ పాఠకుడు నాకు మేలే చేశాడు. తరువాతి రెండు కథలు ముందుగా ఆయనకే పంపి చదివించాను. అయితే అదే వారంలో, తండ్రిని చంపవద్దని బతిమాలిన కొందరి మాట విని ఆయన్ను బతికించాను, కథ అక్కడే చచ్చింది. స్టేషను ఎక్కడుందో పాఠకుడు చెబితే వెంటనే దిద్దుకో. తండ్రి ఏం కావాలో చెబితే మాత్రం మర్యాదగా విని, అనుకున్నదే రాయి.

అందుచేత మొత్తం రాసి, నెల రోజులు పక్కన పెట్టి, గొంతెత్తి చదువుకున్న తరువాతే మొదటి భాగం పెట్టు. పెట్టబోయే ముందు ఒకసారి ఫోనులో చూసుకో. కాగితం మీద ముద్దుగా ఉన్న పేరా అక్కడ రెండు తెరల పొడవు సాగుతుంది. పొల్లు తరువాత, కంటికి కనబడకుండా అక్షరాలను విడిగా ఉంచే విడదీత గుర్తు పడకపోతే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. ఎంతమంది చదివారన్న లెక్క గంటగంటకూ చూసుకోవడం నాకూ ఉన్న జబ్బే కాబట్టి, దాని గురించి ఉపన్యాసం ఇవ్వను.

ఇక నీ కథ. తల్లి ఖాళీ ఆవిన్ పాల కవర్లను కడిగి, కిటికీ ఊచలకు ఆరబెట్టి, లెక్కపెట్టి దాచే చోటు నాకు బాగా నచ్చింది. వెంటనే తరువాతి పేరాలో ఆమె ఎంత పొదుపరో మళ్ళీ వివరించావు. ఆ పేరా మొత్తానికి పెన్సిలు గీత పెట్టాను. ఆదివారం కాఫీ వేళకు వస్తే కాగితాలు తీసుకువెళ్ళవచ్చు.

ఇట్లు,
మీ నాన్నగారి స్నేహితుడు