కావలిలో ఉండి పాత స్టీల్ రివాల్వర్లు కలెక్ట్ చేయొచ్చా?

అరవైలు, డెబ్బైల నాటి చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ రివాల్వర్లు పోగుచేయాలనుంది, కావలిలో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు తమ్ముడూ. ఇక్కడ కుదరదు, ముందే చెప్పేస్తున్నా. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, పైగా నువ్వు మోజుపడేవి ఎక్కువగా .38 బోరువి (బోరంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), మన దగ్గర అది నిషేధిత బోరు. మా నాన్న పేరు మీద కాన్పూర్ ఫ్యాక్టరీ .32 ఒకటుంది. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ దాన్ని స్టేషన్లో అప్పజెప్పడం, రసీదు దాచుకోవడం, అయ్యాక మళ్ళీ పోయి తెచ్చుకోవడం, ఒక్కదానికే ఇంత తిరుగుడు.

నాకీ పిచ్చి అంటించింది హ్యూస్టన్‌లో ఉండే మా బావ. ఆయన కూడా హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్ళు కొనలేదు, ఆ వీసా వాళ్ళకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు, గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాడు. ఇప్పుడాయన దగ్గర ఉన్నవన్నీ స్మిత్ అండ్ వెసన్ కంపెనీ మోడల్ 60లే. 1965లో వచ్చిందిది, స్టెయిన్‌లెస్ రివాల్వర్లలో మొదటిది, అయిదు తూటాలు, రెండంగుళాల లోపు గొట్టం. అంతకుముందు పోలీసులు జేబులోనో చొక్కా కిందో పెట్టుకునే నల్లపూత రివాల్వర్లు చెమటకు తుప్పు పట్టేవి, అందుకే పుట్టింది. కొత్తపట్నం గాలికి మా నాన్న .32 ఎలా మచ్చలు పడుతుందో చూసినవాడిని, నాకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. అలాగని స్టెయిన్‌లెస్ అంటే అసలు తుప్పే పట్టదనుకోకు, ఉప్పు గాలిలో తుడవకుండా వదిలేస్తే దానికీ పడుతుంది.

కొనేటప్పుడు బావ మొదట తూటాలు పెట్టే చక్రం బయటికి తెరిచి, అది ఇరుసు పట్టే చోట కొట్టిన మోడల్ నంబర్ చదువుతాడు. 60 పక్కన గీత, అంకె లేకపోతే పాతది, గీత తర్వాత అంకె పెరిగేకొద్దీ కొత్తది. గొట్టం ఫ్రేములోకి దిగే చోట చిన్న పిన్ను తల కనిపించాలి, 1982 ప్రాంతంలో ఆ పద్ధతి మానేశారు. మొదట్లో వచ్చినవి అద్దంలా మెరిసేవి, తర్వాత మసక ఫినిష్ పెట్టారు, కలెక్టర్లు వెతికేది ఆ మెరిసేవాటినే. ఇక్కడే మోసం జరిగేది. ఎవడో మసకదాన్ని తీసుకొచ్చి బఫింగ్ చక్రం మీద పాలిష్ పట్టించి పాతది అంటాడు. అక్షరాల అంచులు కరిగినట్టుంటే, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంట పడినట్టుంటే వదిలెయ్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. గీతలున్నా పర్లేదు, పాలిష్ మాత్రం క్షమించరానిది, ఇది నా మాట కూడా. పెట్టె ఉంటే దాని మీది సీరియల్ నంబర్ పిడి అడుగున ఉన్నదానితో కలవాలి.

యాభై ఏళ్ళు దాటినవి, ఫ్యాక్టరీలో ఎలా చేశారో అలాగే ఉంటే, అక్కడ క్యూరియో, అంటే పాతకాలపు సేకరణ వస్తువుల కిందికొస్తాయి. వాటికి కలెక్టర్ లైసెన్సు వేరే, మూడేళ్ళకు 30 డాలర్లు, దాంతో వేరే రాష్ట్రం నుంచి నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు.

నీకు అమెరికాలో అన్నో బావో ఉంటే ఆయనే తన కోసం కొనుక్కుని తన ఇంట్లో ఉంచుకోనీ, సెలవుల్లో పోయినప్పుడు చూసిరా. సామాన్లలో పెట్టి తెమ్మని మాత్రం సరదాకైనా అడక్కు, ఎయిర్‌పోర్టులోనే కేసవుతుంది.