జెనీవాకు రాస్తే జవాబొస్తుందా?

ప్రశ్న: సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో మా తమ్ముణ్ణి స్టేషనుకు తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకుని కొట్టారు. కేసు కట్టకుండానే వదిలేశారు. ఇక్కడ ఎవరూ వినరు, ఐక్యరాజ్యసమితికే రాయమంటున్నారు మా బాబాయి. రాయొచ్చా అండీ? - ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రాయొచ్చు. అయితే ముందు ఇక్కడ కాగితాలు పోగుచేసుకోండి. అవి లేకపోతే అక్కడికి రాసిన ఉత్తరానికీ బలముండదు.

మొదట ఆస్పత్రి. ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్లి, పోలీసులు కొట్టిన దెబ్బలని డాక్టరుకు చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు, కోర్టు కేసుల కోసం ఆస్పత్రి రాసే దెబ్బల నమోదు) రాయించండి. భయపడి "మెట్ల మీంచి జారాడు" అని చెబితే, తర్వాత అవతలి వకీలు పట్టుకునేది ఆ ఒక్క మాటనే. కమిలిన మచ్చలు త్వరగా మాసిపోతాయి, ఫొటోలు ఇవాళే తీయండి. తర్వాత సీసీటీవీ. ప్రతి స్టేషనులో కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు నిలవ ఉండే ఏర్పాటు కావాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషనులో దెబ్బలు తిన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చనీ అందులోనే ఉంది. కాబట్టి ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట దాకా కావాలో ఫిర్యాదులోనే రాసి, చెరిపేయకుండా ఉంచమని అడగండి. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం. రెండు రోజులు ఉంచుకున్నారన్నది ఫుటేజీలో తేలితే సగం పని అయినట్టే.

ఫిర్యాదును నాంపల్లి గృహకల్పలోని రాష్ట్ర కమిషన్‌కైనా, ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కైనా ఇవ్వొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. చాలా ఫిర్యాదులు మాత్రం చదివిన రోజే మూతపడతాయి. ఘటన జరిగి ఏడాది దాటితే 1993 మానవ హక్కుల రక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం విచారించరు. రాష్ట్ర కమిషన్‌లో నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు, కాబట్టి రెండుచోట్లా వేసి చిక్కుల్లో పడొద్దు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి: పోలీసు కమిషనర్‌కు రాసిన అర్జీ కింద "కాపీ టు" అని కమిషన్ పేరు తగిలించడం. వేరే అధికారికి రాసినదాని నకలును ఫిర్యాదుగా లెక్కించరు. కమిషన్ పేరు మీదే విడిగా రాయాలి.

ఇక జెనీవా, అంటే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఉన్న ఊరు. ఐరాస పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. కానీ విడి మనుషుల ఫిర్యాదులు వినడానికి వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం చేసింది, ఆమోదించలేదు. కాబట్టి ఆ రెండు ఒప్పందాల అమలును చూసే కమిటీలకు మీరు రాసినా మన దేశం మీద కేసుగా తీసుకోరు. మీకు తెరిచి ఉన్నది ఐరాస నియమించే ప్రత్యేక నిపుణుల దారి. చిత్రహింసల మీద ప్రత్యేక ప్రతినిధి పదవి 1985 నుంచి ఉంది. ఆ ప్రతినిధికి ఏ దేశం ఏ ఒప్పందంలో చేరిందన్నదానితో పనిలేదు, ఇక్కడి కోర్టులన్నీ తిరిగి రమ్మనీ అనరు. ఐరాస మానవ హక్కుల కార్యాలయం వెబ్‌సైటులో ఫారం ఉంటుంది, ఇంగ్లీషులో నింపండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, ఇక్కడ ఎవరికి ఫిర్యాదు చేశారు, ఏమైంది అన్నంతవరకే రాయాలి. పేపరు కటింగుల మీదే ఆధారపడ్డవి, పార్టీలను తిట్టేవి పక్కన పెట్టేస్తారు.

తమ్ముడి సమ్మతి రెండు విషయాల్లో వేర్వేరుగా అడుగుతారు: ప్రభుత్వానికి పేరు చెప్పొచ్చా, బహిరంగ నివేదికలో వేయొచ్చా. మొదటిదానికి వద్దంటే ఆ కేసు గురించి ప్రభుత్వాన్ని నిలదీయడం కుదరదు. రెండోదానికి వద్దనడంలో నష్టమేమీ లేదు, మా సలహా అదే. నిపుణుడు ఉత్తరం రాస్తే జవాబివ్వడానికి ప్రభుత్వానికి మామూలుగా 60 రోజులు ఉంటాయి, ఆ తర్వాత ఉత్తరం, జవాబు వస్తే అదీ బయటపెడతారు. అందిన ప్రతి ఫిర్యాదు మీదా రాయరు. నష్టపరిహారం ఇప్పించరు, ఎస్సైని సస్పెండ్ చేయించరు. ఆ ఉత్తరం నకలు మాత్రం, హైకోర్టులో మీరు రిట్ పిటిషన్ వేస్తే దానికి జత చేయడానికి పనికొస్తుంది.

ప్రశ్న: నేరుగా ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికే వెళ్లలేమా? - ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: వెళ్లలేరు. అక్కడ కేసు వేసేది దేశాలే. అదే ఊళ్లో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వేరు, దాని రోమ్ శాసనంలో భారత్ చేరలేదు. వాట్సాప్‌లో తిరిగే "హేగ్‌లో ఫిర్యాదు ఫారం" చింపి పారేయండి, డబ్బు అడిగితే మరీను.

ప్రశ్న: మావారు ఖతర్‌లో ఉన్నారు. నాలుగు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. ఐఎల్‌ఓకు (అంతర్జాతీయ కార్మిక సంస్థకు) ఫిర్యాదు చేయొచ్చంటున్నారు, నిజమేనా? - ఒక పాఠకురాలు, కుత్బుల్లాపూర్

జవాబు: ఐఎల్‌ఓ విడి కార్మికుడి ఫిర్యాదును కేసుగా తీసుకోదు. కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు, ప్రభుత్వాలు వేయాలి. అలా వేస్తే ఫలితం ఉంటుందనడానికి ఖతరే ఉదాహరణ: 2014లో కార్మిక ప్రతినిధులు ఆ దేశం మీద ఫిర్యాదు చేశారు, 2017లో ఒప్పందం కుదిరాక దాన్ని ముగించారు. ఆ క్రమంలోనే 1,000 రియాళ్ల కనీస వేతనం వచ్చింది, ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి పత్రం అక్కర్లేకుండా పోయింది. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం తప్పే. మీవారిని అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు వేయమనండి అని దోహా ఎంబసీ వాళ్లూ చెబుతారు. మీరు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌లో నమోదు చేసి, ఆ నంబరు ఆయనకు పంపండి. ఒప్పందం కాపీ, జీతం పడ్డ చివరి నెల బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోమనండి. కంపెనీ "అంతా ముట్టింది" అని అరబీలో రాసిన కాగితం ముందు పెడితే సంతకం చేయొద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితిలో మన దేశానికి చేసే సిఫార్సులన్నీ చివరికి బుట్టదాఖలే కదా? - లా విద్యార్థి, తార్నాక

జవాబు: చాలావరకు అంతే. ఐరాసలో ఒక దేశపు మానవ హక్కుల తీరును ఇతర దేశాలు పరిశీలించే సార్వత్రిక సమీక్షలో 2022లో భారత్‌కు 339 సిఫార్సులు వచ్చాయి, వాటిని అమలు చేయించే పోలీసు లేడు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ ముందు మన దేశం 1997 తర్వాత మళ్లీ కూర్చున్నది 2024లో. కానీ కోర్టుల సంగతి చూడండి. అక్రమ అరెస్టుకు పరిహారం హక్కు అన్న ఒడంబడిక క్లాజు మనకు వర్తించదని భారత్ మినహాయింపు రాసుకుంది. 1993లో నీలాబతి బెహెరా కేసులో, కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి లక్షన్నర ఇప్పిస్తూ సుప్రీంకోర్టు ఆ క్లాజునే ఉదహరించింది. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పులో ఆ మినహాయింపుకు ఇక అర్థం లేదని తేల్చేసింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద విశాఖ మార్గదర్శకాలు 1997లో, మహిళలపై వివక్షకు వ్యతిరేకంగా ఉన్న ఐరాస ఒప్పందం ఆసరాతో వచ్చాయి.

మీరు చేయగల పని ఒకటుంది. తర్వాతి సమీక్షకు స్వచ్ఛంద సంస్థ తరఫున నివేదిక పంపొచ్చు: ఒక్క సంస్థయితే 2,815 పదాలు, కలిసి పంపితే 5,630. మీరు దేశమంతా రాయొద్దు. హైదరాబాద్‌లో ఒక్క సమస్య, ఆర్టీఐలో వచ్చిన జవాబులు, గత సమీక్షలో ప్రభుత్వం ఒప్పుకున్న ఏ సిఫార్సుకు అది సంబంధించిందో దాని నంబరు. జెనీవాలో ఇతర దేశాల దౌత్యవేత్తలు వెతికేది ఆ నంబరునే.