హ్యాంక్ ఆరన్ అభిమానుల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. అమెరికాలో, అట్లాంటాలో ఉంటూ, బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ చనిపోయాక అక్కడి అభిమానులు ఆయన్ని ఎలా తలుచుకుంటున్నారో తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. ఆ ఊళ్లో, చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆయన పేరు పెట్టిన రోడ్డు మీద కార్లు నడుపుతుంటారు. ఆయనెవరో మన భాషలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. ఇది బాగా రావాలి కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేరా మొత్తం తీసెయ్. "ధ్రువతార రాలిపోయింది", "ఒక శకం ముగిసింది", "తీరని లోటు". మన పత్రికల్లో ఎవరు పోయినా ఇవే మాటలు. ఒక నటుడికి, ఒక మంత్రికి, ఒక వ్యాపారికి పేరు మార్చి అతికించగలిగిన వాక్యం ఆరన్‌కి అక్కర్లేదు. 2021 జనవరి 22న, 86 ఏళ్ల వయసులో, అట్లాంటాలో నిద్రలోనే పోయారని చెప్పు, చాలు. ఆ వార్త విన్న జనం ఎక్కడికి వెళ్లారన్నది ఆ వెంటనే రావాలి. నీ వ్యాసంలో అది నాలుగో పేజీలో ఉంది!

వాళ్లు వెళ్లింది ఒక పార్కింగ్ స్థలానికి. పాత అట్లాంటా స్టేడియాన్ని 1997లో కూల్చేశారు. కానీ 1974 ఏప్రిల్ 8 రాత్రి ఆరన్ కొట్టిన బంతి ఏ కంచె దాటిందో ఆ చోటుని మాత్రం గుర్తుగా మిగిల్చారు. కార్ల మధ్యలో కాస్త కంచె, దానిమీద 715 అన్న అంకె. పూలు, టోపీలు, బంతులు తెచ్చి జనం అక్కడ పెట్టారు. జనవరి 27న అంత్యక్రియల ఊరేగింపు కూడా అటువైపు తిరిగి, ఆ చోటు చూసుకునే వెళ్లింది. సమాధి ఇంకా లేదు, గుడీ కాదు, మ్యూజియమూ కాదు. అయినా ఎవరూ చెప్పకుండానే అందరికీ ఆ చోటే గుర్తొచ్చింది. ఎందుకో చెప్పడమే నీ వ్యాసం పని.

ముందు 715 అంటే ఏమిటో మన పాఠకుడికి చెప్పాలి. హోమ్ రన్ అంటే దాదాపు సిక్సర్ లాంటిదని ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్. క్రికెట్ పోలికలతో పేజీ నింపకు. బేబ్ రూత్ 714 హోమ్ రన్లు కొట్టాడు. ఆయన తెల్లవాడు, అమెరికాకి ఆరాధ్య ఆటగాడు. ఆ రికార్డుని దాటబోతున్నవాడు అలబామాలోని మొబీల్‌లో పుట్టిన నల్లజాతివాడు. అలబామా జాతి వివక్షకి పేరుపడ్డ దక్షిణాది రాష్ట్రం, ఆయన ఆడుతున్నదీ ఆ దక్షిణాదిలోనే. ఇంత చెబితే చాలు, ఆ అంకె బరువు ఎంతో పాఠకుడికే తెలిసిపోతుంది.

నీ వ్యాసంలో నాకు అసలైన లోటు కనిపించింది ఇక్కడే. నువ్వు అభిమానుల ప్రేమ ఒక్కటే రాశావు. అందరూ ఆయన్ని మొదటినుంచీ నెత్తిన పెట్టుకున్నట్టు రాశావు. అది నిజం కాదు. 1973 సెప్టెంబర్ 17న అట్లాంటాలో ఆయన 711వ హోమ్ రన్ కొట్టినప్పుడు స్టేడియంలో ఉన్నది 1,362 మంది. యాభై వేలకు పైగా పట్టే స్టేడియం అది. ఏడు నెలల తర్వాత 715 రోజున వచ్చినవాళ్లు 53,775. ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టు. వ్యాఖ్యానం ఏమీ వద్దు.

ఆ తర్వాత ఉత్తరాల సంగతి రాయాలి. నువ్వు "కొన్ని బెదిరింపు లేఖలు కూడా వచ్చాయి" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఇది చదివి నాకు బాధేసింది. 1973లో ఆయనకి వచ్చిన ఉత్తరాలు దాదాపు 9,30,000 అని అమెరికా తపాలా శాఖే లెక్క చెప్పింది. వాటిలో తిట్లు, చంపుతామన్న బెదిరింపులు ఎన్నో. కాలేజీలో చదువుతున్న కూతుర్ని ఎత్తుకుపోతామన్నారు. వెంట అంగరక్షకుడు తిరగాల్సి వచ్చింది. టీమంతా ఒక హోటల్లో ఉంటే ఆయన ఇంకో చోట, వేరే పేరుతో గది తీసుకునేవారు. ఇవన్నీ భరిస్తూ మైదానంలోకి దిగి బంతిని చూసి కొట్టాలి. ఆ ఉత్తరాల సంగతి పేపర్లలో వచ్చాక, మేమున్నామంటూ రాసినవాళ్ల ఉత్తరాలు వెల్లువెత్తాయి. అభిమానులంటే వాళ్లూ. ద్వేషంతో వచ్చిన ఉత్తరాల్ని కూడా ఆయన పారేయలేదు, దాచుకున్నారు. పూలు పెట్టినవాళ్ల గురించి రాస్తూ ఈ ఉత్తరాలు రాయకపోతే, ఆయన పడ్డ కష్టాన్ని మనం రెండోసారి కాజేసినట్టు.

ఇంకొకటి, దీన్ని తప్పకుండా చేర్చు. 1952లో, ఇంకా పద్దెనిమిదేళ్ల కుర్రాడు, నల్లజాతి లీగ్‌లో ఇండియానాపోలిస్ క్లౌన్స్ టీమ్‌తో తిరుగుతున్నాడు. వాషింగ్టన్‌లో ఒక హోటల్లో టీమంతా టిఫిన్ తిన్నారు. తిని లేస్తుంటే వంటగదిలోంచి పళ్లేలు పగలగొడుతున్న చప్పుడు. నల్లవాళ్లు తిన్న పళ్లేలని పగలగొట్టేస్తున్నారు. కుక్కలు తిని ఉంటే కడిగి వాడుకునేవాళ్లు కదా అని ఆయన తర్వాత చెప్పుకున్నారు. దీనికి నువ్వు అమెరికా జాతి వివక్ష చరిత్ర అంతా వివరించక్కర్లేదు. మన పల్లెల్లో టీ హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి, విన్నవాళ్లకి ఆ పళ్లేల చప్పుడు వెంటనే వినిపిస్తుంది. తెలుగులో రాస్తున్నందుకు నీకు దొరికిన బలం అది. ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని పాఠకులు నీకు ఉన్నారు.

గణాంకాల పేజీ చాలా కుదించాలి. 755 హోమ్ రన్లు, 3,771 హిట్లు అంటూ అంకెలు వరసగా పేర్చితే కరెంటు బిల్లులా ఉంది. ఒక్కటి ఎంచుకో. నాకైతే ఇది ఇష్టం: ఆయన హోమ్ రన్లన్నీ తీసేసినా, మిగిలిన హిట్లు 3,016. హిట్ అంటే బంతిని కొట్టి బేస్‌కి, అంటే మైదానంలో చేరాల్సిన గుర్తుకి, చేరడం. మూడు వేల హిట్లు దాటినవాళ్లని మహా ఆటగాళ్ల వరసలో చేరుస్తారు. ఇంకోటి కూడా వాడుకోవచ్చు. ఏ ఒక్క సీజన్‌లోనూ ఆయన 47 కన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టలేదు. ఇరవై మూడు సీజన్లు, ఆర్భాటం లేకుండా, ఏడాది తర్వాత ఏడాది. బ్యారీ బాండ్స్ అనే ఆటగాడు 2007లో ఆరన్ 755 రికార్డు దాటిన గొడవ, స్టెరాయిడ్ల చర్చ రెండు వాక్యాల్లో ముగించు. ఇప్పటికీ చాలామంది ఆరన్‌నే హోమ్ రన్ రాజు అంటారని చెబితే సరిపోతుంది.

ఇక ఆ పార్కింగ్ స్థలంలో నువ్వు కలిసిన పెద్దాయన. వ్యాసానికి ప్రాణం ఆయనే. 715వ హోమ్ రన్‌ని అట్లాంటాలో తన ఇంట్లో, నాన్న పక్కన కూర్చుని రేడియోలో విన్నానని, విన్ స్కల్లీ మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయని ఆయన నీతో అన్నాడు. నువ్వు యథాతథంగా రాసేశావు. కాస్త ఆగు. స్కల్లీ ఆ రోజు ఎదుటి టీమ్ అయిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వ్యాఖ్యాత. ఆ రాత్రి ఆరన్ టీమ్ అట్లాంటా బ్రేవ్స్ రేడియోలో చెప్పింది మైలో హామిల్టన్. అంటే ఆ పెద్దాయన అప్పుడు విన్నది బహుశా హామిల్టన్ గొంతు. తర్వాత యాభై ఏళ్లలో స్కల్లీ రికార్డింగ్ ఎన్నిసార్లు విన్నాడో, ఆ గొంతే పాత జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ప్రేమించినవాళ్ల జ్ఞాపకం ఇలాగే పనిచేస్తుంది. ఆయన్ని తప్పు పట్టకుండా, పాఠకుణ్ని తప్పుదోవ పట్టించకుండా రెండూ రాయొచ్చు. రాసి చూడు, ఆ పేరా ఎంత బాగుంటుందో!

స్కల్లీ గురించి ఎలాగూ రాస్తావు కాబట్టి ఒక మాట. బంతి కంచె దాటాక ఆయన మైక్ ముందు మాట్లాడ్డం ఆపేశాడు. ఆరన్ బేస్‌లు చుట్టి వస్తున్నాడు, ఇద్దరు కుర్రాళ్లు స్టాండ్స్‌లోంచి దూకి భుజం తడుతూ పక్కన పరుగెత్తారు, పరుగు ముగిసే హోమ్ ప్లేట్ దగ్గర తల్లి వచ్చి గట్టిగా పట్టేసుకుంది. అంతసేపూ జనం కేకలూ బాణసంచా చప్పుడే. ఆ తర్వాతే, దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషి కోసం జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారన్న మాట చెప్పాడు. నువ్వు ఆ పరుగు రాసిన చోట ఏడు విశేషణాలున్నాయి, ఎర్ర ఇంకుతో గీతలు పెట్టాను. అన్నీ తీసేసి, తల్లి పేరు ఎస్టెల్లా అని చేర్చు. బుల్‌పెన్‌లో, అంటే బంతి వేసేవాళ్లు సాధన చేసుకునే చోట, ఆ బంతి పట్టుకున్న సహ ఆటగాడు టామ్ హౌస్, దాన్ని చేతిలో పెట్టుకుని ఆరన్ దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అది కూడా ఉండాలి.

44 సంగతి రాయాలా వద్దా అని అడిగావు. రాయి. ఆయన జెర్సీ నంబర్ అది. ఆయన పోయిన ఏడాది బ్రేవ్స్ తమ మైదానం గడ్డి మీద 44 వేసుకుని ఆడారు. సీజన్ మధ్యలో వచ్చే ఆల్ స్టార్ విరామానికి ముందు 44 మ్యాచ్‌లు గెలిచారు, తర్వాత 44 గెలిచారు, ఏడాదిలో 44వ వారంలో బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు. అట్లాంటా అభిమానులు దీన్ని ఆయన దీవెనే అనుకున్నారు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా వాళ్ల నమ్మకాన్ని చిన్నబుచ్చకు. మనింట్లో పోయినవాళ్ల గురించి మనమూ ఇలాగే లెక్కలు చూసుకుంటాం. టీకా వల్లే పోయారన్న పుకారు మాత్రం వద్దు. నల్లజాతివాళ్లకి ధైర్యం చెప్పడానికి ఆయన జనవరి 5న అందరి ముందూ కోవిడ్ టీకా వేయించుకున్నారు. అది సహజ మరణమని వైద్యాధికారులు చెప్పారు. టీకా వేయించుకున్న విషయం మాత్రం రాయి, అది ఆయన ఆఖరి మంచిపనుల్లో ఒకటి.

చివరిగా, ఆ పెద్దాయన నల్లజాతివాడా, తెల్లవాడా అన్నది నువ్వు ఎక్కడా రాయలేదు. ఈ కథలో అది దాచకూడదు. ఫోన్ నంబర్ ఉందన్నావు కదా, మళ్లీ మాట్లాడు. రేడియో ఏ గదిలో ఉండేదో అడుగు. బంతి దాటినప్పుడు నాన్న ఏమన్నాడో అడుగు. 711 కొట్టిన రోజు స్టేడియానికి ఎందుకు వెళ్లలేదో అడుగు. తర్వాత, కాస్త కష్టమైనా సరే, మీ వీధిలో ఆరన్ ఆ రికార్డు దాటకూడదని కోరుకున్నవాళ్లు ఎవరైనా ఉండేవారా అని అడుగు. మీ ఇంట్లో ఉండేవారా అని కూడా. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో, చెప్పనంటే చెప్పనన్నాడని రాయి. తర్వాత మొత్తం తిరగరాసి పంపించు, ఉగాది లోపు అందితే సంపాదకుడికి నేనే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో.