స్కైరిమ్ ట్రైనర్ రన్ చేశాక స్టీమ్‌లో వేరే ఎవరో లాగిన్ అయితే

స్కైరిమ్ గేమ్ కోసం యాంటీవైరస్ ఆపేసి ‘లెవెల్ ట్రైనర్’ (గేమ్‌లో లెవెల్‌ని అడ్డదారిలో పెంచే ప్రోగ్రామ్) రన్ చేశాక, ఎవరో మీ స్టీమ్ (గేమ్‌లు కొని ఆడే సర్వీస్) ఖాతాలో లాగిన్ అయినట్టు మెయిల్ వచ్చిందన్నారు కదా. ముందు ఆ పీసీకి నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచే మార్చండి, మొదట మెయిల్‌ది, తర్వాత స్టీమ్‌ది. ట్రైనర్‌తో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్ వచ్చి ఉండొచ్చు, అదే పీసీలో మారిస్తే కొత్తది కూడా దొంగ చేతికే వెళ్తుంది. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేసి, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కి అదనంగా కోడ్ అడిగే భద్రత) పెట్టుకోండి. వైరస్ వెతకడానికి విండోస్‌లోనే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది గానీ, నేనైతే విండోస్ మళ్లీ వేసేస్తాను. అనుమానంతో కాపురం నావల్ల కాదు.

అయినా లెవెల్‌కి ట్రైనర్ ఎందుకండీ? గేమ్‌లో రివర్‌వుడ్ ఊరి దగ్గర థీఫ్ స్టోన్ అనే రాయిని ముట్టుకుంటే ఆల్కెమీ (మూలికలతో మందులు చేసే నైపుణ్యం) 20 శాతం త్వరగా పెరుగుతుంది. జెయింట్ (గేమ్‌లోని భారీ రాక్షసుడు) కాలి వేలు, గోధుమ, నీలం కొండపువ్వు కలపండి. అలా తయారైన మందు ఖరీదు పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. జెయింట్‌ని మాత్రం దూరం నుంచే బాణాలతో కొట్టండి. దగ్గరికెళ్తే గదతో ఒక్కటిస్తాడు, ఆకాశంలో తేలతారు.