వృద్ధుల సంరక్షణ కేంద్రంపై ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం, ఉద్యోగరీత్యా మారతహళ్లిలో ఉంటున్నాము. పక్షవాతంతో మంచానపడిన మా అత్తగారిని నిరుడు ఇక్కడి ఒక ప్రైవేటు వృద్ధుల కేంద్రంలో చేర్పించాము. ముందు చెప్పకుండా నెలసరి రుసుము పెంచారు. ఆమెకు వీపున పడక పుండ్లు పడినా మాకు తెలియజేయలేదు. వేరేచోటికి మారుస్తామంటే డిపాజిట్ తిరిగి ఇచ్చేది లేదంటున్నారు. తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చునా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: డిపాజిట్ తగాదా తేలేదాకా ఆమెను అక్కడ ఉంచవద్దు. కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. అలా చేసినట్టు కేంద్రం రాసిన రిజిస్టరు ప్రతిని రాతపూర్వకంగా అడగండి. పుండు లోతును వైద్యుడిచేత కేస్ షీటులో రాయించండి.

ట్రైబ్యునల్ మీకు ఉపయోగపడదు. 2007 నాటి ఆ చట్టం పిల్లల, వారసులైన బంధువుల బాధ్యతకు సంబంధించినది; డబ్బు తీసుకుని సేవ చేసే సంస్థపై అక్కడ భృతి కేసు నడవదు. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేదలు ఉండగల వృద్ధాశ్రమాల గురించి 19వ సెక్షన్ చెప్పింది గాని, రుసుము కట్టగలవారు చేరే కేంద్రాల ఊసు ఎత్తలేదు. ఆ కేంద్రాలకూ, ఇంటికి మనుషులను పంపే ఏజెన్సీలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు, స్థాయీ సంఘం పరిశీలించిన తరువాత కూడా, చట్టం కాకుండానే 17వ లోక్‌సభతోపాటు మురిగిపోయింది. ఇడ్లీ బండికి సైతం ఆహార భద్రత రిజిస్ట్రేషన్ అడిగే దేశంలో ఇంత తాత్సారాన్ని సమర్థించడం నాకు సాధ్యం కాదు.

మీకు దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. సేవాలోపం కింద, మీరు నివసించే ప్రాంతంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు ఉండదు, న్యాయవాది కూడా తప్పనిసరి కాదు. అయితే డిపాజిట్ తిరిగి ఇచ్చేది లేదన్న షరతే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేస్తే కేసు రాష్ట్ర కమిషన్‌కు పోతుంది కాబట్టి, పుండ్ల విషయాన్నే ముందుంచి, డబ్బు వాపసును పరిహారంలో భాగంగా కోరడం మేలు.

ఆ కేంద్రం వైద్యం కూడా చేస్తుంటే, కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదై ఉన్నదో లేదో చూడండి. ఆ ఫిర్యాదు డిప్యూటీ కమిషనర్ (మన కలెక్టరును కర్ణాటకలో ఇలా అంటారు) అధ్యక్షతన పనిచేసే జిల్లా అథారిటీకి చేయాలి. కొత్త కేంద్రంలో చేర్చేముందు రాత్రిపూట ఉండే సిబ్బంది సంఖ్య, రుసుము పెంపుకు ఇచ్చే గడువు, డిపాజిట్ తిరిగి ఇచ్చే తేదీ ఒప్పందంలో రాయించుకోండి.