ఏ అభ్యర్థీ నచ్చకపోతే క్యాథలిక్ విశ్వాసి ఓటు మానేయవచ్చా?

మానేయవచ్చు. అయితే చర్చి దాన్ని మామూలు దారిగా చూడదు. అందరూ ఘోరమైన చెడును సమర్థిస్తుంటే ఎవరికీ వేయకపోవచ్చని, లేదా తక్కువ హాని చేసేవారికి వేయవచ్చని అమెరికా బిషప్పుల మార్గదర్శకం చెబుతుంది. మొదటిదాన్ని అసాధారణ నిర్ణయంగానే లెక్కిస్తుంది.

2024 సెప్టెంబరులో సింగపూర్ నుంచి తిరిగొస్తూ విమానంలో పోప్ ఫ్రాన్సిస్‌కు అప్పటి అమెరికా అధ్యక్ష అభ్యర్థులు హారిస్, ట్రంప్‌ల గురించి ఇదే ప్రశ్న ఎదురైంది. ఒకరు గర్భస్రావాన్ని సమర్థిస్తారు, మరొకరు వలసదారులను వెళ్లగొడతారు, ఇద్దరూ ప్రాణానికి వ్యతిరేకులే అన్నారాయన. అయినా ఓటు వేయాలన్నారు. తక్కువ చెడు ఏదో ఎవరి అంతరాత్మతో వాళ్లే తేల్చుకోవాలన్నారు. నాకు ఇదే సరైన మాట అనిపిస్తుంది, ఎందుకంటే మనం ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఆ ఇద్దరిలో ఒకరు గెలవకుండా పోరు.

మన దేశంలో 2013 సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. అంతకుముందు ఓటు వద్దంటే పోలింగ్ అధికారి రిజిస్టర్‌లో రాసి సంతకం తీసుకునేవాడు, ఏజెంట్ల కళ్లముందే. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. కానీ లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు. అందుకే నోటా నొక్కే ముందు ఒక్కొక్కరి అఫిడవిట్ చదవండి. కేసులు, ఆస్తులు, అప్పులు అందులోనే ఉంటాయి.