క్లబ్బువాళ్ళ శాంతి పోస్టర్ల పోటీకి మా బడి ఒప్పుకోవాలా?

లయన్స్ క్లబ్బు వాళ్ళు మీ బడిలో శాంతి పోస్టర్ల పోటీ పెడతామని వచ్చారు, దీనివల్ల పిల్లలకు ఏమన్నా మిగులుతుందా, శాలువాలూ ఫోటోలేనా అని అడిగారు. తిరుపతి పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా మూడేళ్ళు ఈ పోటీ నడిపినవాణ్ణి. ఒప్పుకోండి. కాకపోతే క్లబ్బు వాళ్ళను జులైలోనే రమ్మనండి.

మొదటేడు మా దగ్గరికి అక్టోబరు ఆఖర్లో వచ్చారు. రెండ్రోజుల్లో బొమ్మలు కావాలన్నారు. అరవైమంది గీస్తే నలభైకి పైగా పావురాలే! నోట్లో కొమ్మ, వెనక భూగోళం, కింద లావు అక్షరాలతో 'శాంతి'. తీరా చూస్తే ఈ పోటీలో బొమ్మ మీద ఒక్క అక్షరం గానీ అంకె గానీ ఉండకూడదు. ఆ ముక్క వాళ్ళూ చెప్పలేదు, నేనూ చదవలేదు. పిల్లలు గీసినవన్నీ దాదాపు వృథా. ఏడో తరగతి పిల్ల ఒకతె అడిగింది, "సార్, పావురం నోట్లో ఉండే కొమ్మ ఏ చెట్టుది?" ఆలివ్ అన్నాను. "అది మన పక్క యాడుంది సార్?" నాకు నోట మాట రాలేదు.

మరుసటేడు ముందుగానే రమ్మన్నాం. మొదటి రెండు పీరియడ్లు పెన్సిలే ముట్టనీయలేదు. 'మీ వీధిలో ఈమధ్య జరిగిన గొడవేంది, ఎట్లా చల్లారింది' అని మాత్రం అడిగా. మొదట నవ్వుకున్నారు. తర్వాత ఆపడం నా వల్ల కాలేదు. ట్యాంకరు దగ్గర బిందెల వరస, క్రికెట్లో అవుటా కాదా, చుట్టాల పెళ్ళికి పిలవలేదని పట్టిన పంతం. క్లబ్బు నుంచి మందుల షాపు పెద్దాయన ఒకరు వచ్చి పిల్లల మధ్య కూర్చున్నారు. షాపు భాగస్తుడితో పదేళ్ళు మాటల్లేకుండా ఉండి, ఆయన పోయిన తర్వాత ఏడ్చానని చెప్పేశారు. చప్పట్లు లేవు, ఫోటో లేదు. క్లబ్బు మా బడికి చేసిన అసలు మేలు అదేనని నా లెక్క.

ఆ ఏడు ఒక పిల్లాడు గోడ గీశాడు. అటు పక్క నుంచి ముసలి చెయ్యి ఒకటి కూర గిన్నె అందిస్తుంటే ఇటు పక్క చిన్న చెయ్యి అందుకుంటోంది. మొహాల్లేవు. "మా నాయనా చిన్నాయనా మాట్లాడుకోరు సార్. మా అవ్వ మాత్రం రెండిళ్ళకూ కూర పంపిస్తాది" అన్నాడు. అక్షరాలు వద్దన్న నియమం ఎంత మంచిదో అప్పుడర్థమైంది. 'శాంతి' అని రాసే వీలుంటే వాడూ పావురం గీసి తప్పించుకునేవాడే.

ఆ బొమ్మను పంపలేకపోయాం. నవంబరు 15 నాటికి పదకొండు, పన్నెండు, పదమూడు ఏళ్ళలో ఉండాలి, రికార్డులో వాడికి పద్నాలుగు నిండాయి. ఇంట్లో అడిగితే పదమూడే అంటారు. మా అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం ఊళ్ళో సగంమంది జూన్ నెలలోనే పుట్టారు మరి! మీరు ముందే పుట్టిన తేదీలు చూసుకోండి.

కాగితం సంగతి. బొమ్మ 13×20 అంగుళాలకు తగ్గకూడదు, 20×24కి మించకూడదు. అంగట్లో దొరికే 22×28 చార్టు అట్లాగే ఇస్తే పెద్దదైపోతుంది. సగానికి కోస్తే 14×22, సరిగ్గా సరిపోతుంది. చుట్టి గొట్టంలో పంపాలి గనుక మందపాటి అట్ట వద్దు, లామినేషన్ చేయించొద్దు. పాస్టెల్ రంగులైతే చెరిగిపోకుండా స్ప్రే కొట్టాలి. శ్రీకాళహస్తి పిల్ల ఒకతె కలంకారీ పద్ధతిలో గీసింది. కలంకారీలో బొమ్మ కింద కథను తెలుగులో రాసే ఆనవాయితీ ఉంది కదా, ఆ పట్టీ వదిలేయమంటే పాపం చాలాసేపు మూతి ముడుచుకుంది.

బడికి ఖర్చేం ఉండదు, పోటీలో చేరడానికి కావాల్సిన కిట్టు క్లబ్బే కొనాలి, అదీ అక్టోబరు 1 లోపల. గెలిచిన బొమ్మను నవంబరు 15కల్లా వాళ్ళ డిస్ట్రిక్ట్ గవర్నరుకు, అంటే ఆ ప్రాంతం లయన్స్ క్లబ్బులన్నిటి పెద్దకు, పంపాలి. 1988 నుంచి నడుస్తున్న పోటీ ఇది. ప్రపంచమంతటికీ కలిపి చివరికి మిగిలేది ఇరవై నాలుగు బొమ్మలు, ఒకదానికి 5,000 డాలర్లు, తక్కినవాటికి 500 చొప్పున. ఈ అంకెలు పిల్లల చెవిన వేయకండి. మూడేళ్ళలో మా బొమ్మ ఒక్కటీ జిల్లా స్థాయి దాటలేదు, డాలర్ల మాట విన్న ఏడు పిల్లలు ఒకరి బొమ్మ ఒకరికి కనపడకుండా చేతులడ్డం పెట్టుకుని గీశారు. చూపు సరిగా లేని పిల్లలుంటే వాళ్ళకు అదే వయసుకు వ్యాసం పోటీ వేరే ఉంది, 500 మాటల లోపు. క్లబ్బు వాళ్ళు మరిచిపోతుంటారు, మీరే అడగండి.

బహుమతుల రోజు మాత్రం ఉపన్యాసాలు పది నిమిషాలకు మించకుండా ముందే మాట తీసుకోండి. మా దగ్గర మొదటేడు ఎండలో గంటసేపు శాంతి గురించి చెప్పారు, వెనక వరసలో ఎనిమిదో తరగతి వాళ్ళు నీళ్ళ సీసా కోసం కొట్టుకున్నారు.